పౌనఃపున్యార్థక పదబంధములు: ‘పదే పదే’ వాడుకపై ఒక విమర్శ

ఆంగ్లమున ‘టైం అండ్ అగైన్’ అను క్రియావిశేషణ పదబంధము కలదు. ఒక పని ఒకమారుతో నిలువక పలుమారులు జరిగినదని చెప్పుట దాని ప్రయోజనము. దీనికి తెలుగేమి యని విద్యార్థి నడిగినచో తడుముకొనక ‘పదే పదే’ యనును. పత్రికలకు వార్తలను అనువదించువారును, ప్రభుత్వ నివేదికలను తెలుగు చేయువారును ఆ మాటనే వ్రాయుచున్నారు. ఈ సమాధానము కొన్ని తావుల సరిపడును. పెక్కు తావుల సరిపడదు. సరిపడని తావులలో అది కేవలము శైలీదోషముగా మిగులక, చెప్పదలచిన విషయమునే మార్చివేయుచున్నదని మా అభిప్రాయము. అట్టి మార్పునకు లోనైన వాక్యములలో ముఖ్యమైనది కరువును గూర్చిన వాక్యము. కావున కరువుతో చిరపరిచయముగల రాయదుర్గము సీమ వాడుకను ఎదుట నుంచుకొని ఈ విచారణ సాగింతము.

రాయదుర్గమును ఎన్నుకొనుటకు వేఱొక హేతువును కలదు. అది రెండు భాషల కూడలి. 1882లో బళ్ళారి జిల్లానుండి అనంతపురము జిల్లాను విడదీసినపుడు రాయదుర్గము తాలూకా బళ్ళారియందే నిలిచిపోయినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు అదియు ఆంధ్రకు వచ్చినది. ఆ రెండును కర్నూలు జిల్లాలో చేరగా రాయదుర్గము అనంతపురమున చేరినది. ఇంట నొక భాష, సంతలో నొక భాష మాటలాడువారు ఇచ్చట అరుదు కారు. ఇట్టి చోట పలుకుబడులు ఒకదాని నొకటి ఒరసికొనుచుండును. ‘పదే పదే’ యన్నది తెలుగునకును కన్నడమునకును సంస్కృతము నుండి వచ్చిన ఉమ్మడి సొత్తు. కాని పునరుక్తిని చెప్పుటకు కన్నడమునకు ‘మత్తె మత్తె’, ‘మేలింద మేలె’ వంటి సొంత మాటలున్నట్లే తెలుగునకును సొంత మాటలు కలవు. వానిని పక్కకు నెట్టి ఉమ్మడి మాట నొక్కదానినే వాడుట ఎందులకు?

మొదట ఆంగ్లపదబంధమును పరిశీలింతము. ఆంగ్లమున పునరుక్తిని తెలుపు పదబంధములు ముఖ్యముగా మూడు. ‘అగైన్ అండ్ అగైన్’ తటస్థము; పని మరల జరిగినదన్నంతవరకే దాని తాత్పర్యము. ‘ఓవర్ అండ్ ఓవర్’ అన్నచో నడుమ ఎడము లేదు. పాఠమును వల్లెవేయు పిల్లవాని పని అట్టిది. ‘టైం అండ్ అగైన్’ ఈ రెంటికిని భిన్నము. ఇందు మొదటి పదము కాలవాచియగు నామము. కాలమనగా ఇచ్చట ఒక్కొక్క వేళ, ఒక్కొక్క సందర్భము. నడుమ ఎడమున్నది, ఆ ఎడములో మనుష్యుడు మరచిపోవుటకును, ఆశ పెంచుకొనుటకును అవకాశమున్నది. అందుకే హెచ్చరికలును, నిరాశలును, మాట తప్పుటలును చెప్పవలసి వచ్చినపుడు ఆంగ్లేయుడు ఈ పదబంధమును వెదకికొనును. లెక్కింపదగిన వేళలు, వాని నడుమ ఎడము, చెప్పువాని గొంతులో కొంత అలసట, ఈ మూడును దాని అర్థమునకు అంగములు.

ఇక ‘పదే పదే’. పదమనగా అడుగు. సప్తమీవిభక్తిలో దానిని ద్విరుక్తము చేసినచో ‘అడుగడుగున’ అని అర్థము. సంస్కృతమున ఇది వీప్స. అనగా ప్రతి యొక్క అడుగునందును అని వ్యాప్తిని చెప్పుట. తెలుగు ‘అడుగడుగున’ ఈ వ్యాప్తిని చెక్కుచెదరకుండ నిలుపుకొన్నది. ‘అడుగడుగున ఆటంకములే’ అన్నపుడు దారి, దారిలో నడచువాడు, వాని పాదములు మనకు కనబడును. ‘పదే పదే’ యన్నప్పుడు పాదములు కనబడవు. తెలుగునకు వచ్చిన పిదప అది అడుగును పోగొట్టుకొని వేఱొక గుణమును సంపాదించుకొన్నది. ఆ గుణమును మేము పీడన మందుము. ‘పదే పదే అడుగుచున్నాడు’, ‘పదే పదే ఫోను చేయుచున్నాడు’, ‘ఆ మాటనే పదే పదే చెప్పుచున్నాడు’: ఈ వాక్యములన్నిటను చేయువాడొకడు పట్టు విడువక చేయుచున్నాడు, ఎడము స్వల్పము, వినువానికి విసుగు. ‘సూర్యుడు పదే పదే ఉదయించును’ అని తెలుగువాడనడు. ‘మా యింట పదే పదే పెండ్లిండ్లు జరిగినవి’ అన్నచో వినువారు నవ్వుదురు. సూర్యోదయము పౌనఃపున్యమున దేనికిని తీసిపోదు గదా! మరి ఎందుకనడు? అందు పీడన లేదు కనుక.

‘ఆ సంగతి పదే పదే గుర్తునకు వచ్చుచున్నది’ అను వాక్యమున చేయువాడెవడు అని ఎవరైన ఆక్షేపింపవచ్చును. నిజమే, జ్ఞాపకమునకు ఇచ్ఛ లేదు. కాని ఆ వాక్యపు బలమంతయు జ్ఞాపకమును గుమ్మము వదలని యాచకునివలె చూపుటయందే యున్నది. ఇష్టమైన జ్ఞాపకమైనచో మనము ‘మాటిమాటికి గుర్తునకు వచ్చుచున్నది’ అందుము.

‘మాటిమాటికి’ యన్నది మంచి తెలుగు మాట. దానిని గూర్చిన అపోహ యొకటి తొలగింపవలసి యున్నది. విద్యార్థులు పెక్కుమంది దీనిని ‘మాట’ శబ్దమునుండి పుట్టినదని తలచుదురు. ‘మాట’పై ‘కు’ చేరినచో ‘మాటకు’. ‘మాటికి’ యన్నది ‘మాటు’ శబ్దమునుండి వచ్చినది. ఒకమాటు, మరియొకమాటు అనునప్పటి మాటు ఇది. వేళ, వంతు అని దీని యర్థము. ‘మాటమాటకు కంట నీరు పెట్టినది’ అన్నచో పలికిన ప్రతి పలుకునకును అని. ‘మాటిమాటికి కంట నీరు పెట్టినది’ అన్నచో వేళవేళకును అని. ఒక్క ఇత్వము ఇంత పని చేయుచున్నది. ఆంగ్లపదబంధములోని కాలవాచకమునకు తెలుగున అచ్చముగా సరిపోవునది ఈ మాటే. కాని అలసట దీనిలో లేదు.

ఈ జాతికే చెందినవి మారు, సారి, సారె. ‘సారెకు సారెకు’ ప్రాచీన కవులకు ప్రీతిపాత్రము. కుమ్మరి చక్రమునకును సారె యని పేరు. ఈ రెండును ఒకే పదమని మేము వాదింపబోము గాని, చదువరి మనస్సున ఆ చక్రము తిరుగక మానదు. రాయలసీమలో ‘తూరి’ యను మాట జీవించి యున్నది. ఒకతూరి, ఇంకొకతూరి, ఎన్నితూర్లు అని రాయదుర్గపు రైతు అనును. ‘ఊరికూరికే’ యనియు అనును. అందు పునరుక్తితో పాటు నిష్కారణత్వము కూడ కలిసి యున్నది. ‘ఊరికూరికే తిరుగుచున్నాడు’ అన్నచో పలుమారులు వచ్చుచున్నాడు, పనిలేక వచ్చుచున్నాడు అని రెండును తోచును. ఆంగ్లమున దీనికి ఏకపదబంధము మాకు స్ఫురింపలేదు.

మరొక జాతి మాటలు క్రియల నుండి పుట్టినవి. మరలు ధాతువు నుండి మరల, మళ్ళీ; తిరుగు ధాతువు నుండి తిరిగి; మగుడు ధాతువు నుండి మగుడ. ఇవన్నియు వెనుకకు తిరుగుటను చెప్పు ధాతువులే. తెలుగువానికి పునరుక్తి యనగా పోయినది వెనుకకు మరలి వచ్చుట. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఆంగ్లపు ‘అగైన్’ కూడ ప్రాచీనాంగ్లమున ‘ఎదురుగా, వెనుకకు’ అను అర్థములే కలది. ‘మరియొకమారు’ అను అర్థము తరువాత వచ్చినది. సంబంధము లేని రెండు భాషలు ఒకే దారిని నడచినవి. కావున ‘అగైన్ అండ్ అగైన్’ అనుటకు ‘మరల మరల’ యనుట అర్థమునందే గాక వ్యుత్పత్తియందును చక్కని సమానము. ‘ఓవర్ అండ్ ఓవర్’ విషయమున ఇట్టి అదృష్టము లేదు. కన్నడమున ‘మేలింద మేలె’ (పైనుండి పైన) యని దానికి సమీపమైన మాట కలదు. తెలుగున ‘పైపైన’ అన్నచో లోతులేదని అర్థము! రెండు భాషలు మాటలాడు విద్యార్థి ఇచ్చట కాలు జారుట సహజము. ఉపాధ్యాయుడు ఎఱిగి యుండవలెను.

వైయాకరణులు ఈ విషయమున మనకెంత సాయపడుదురు? పాణిని అష్టమాధ్యాయ ప్రథమపాదమును ద్విరుక్తితోనే ప్రారంభించి, రెండవ రూపమునకు ఆమ్రేడితమను సంజ్ఞ చేసి, నిత్యత, వీప్స అను రెండర్థములందు ద్విరుక్తిని విధించినాడు. వీప్స వస్తువుల వ్యాప్తి. ‘ఊరూర’, ‘ఇంటింట’ అనునవి మనకు ఉదాహరణములు. నిత్యత యనగా ఇచ్చట ఆభీక్ష్ణ్యమని, అనగా క్రియ మరల మరల జరుగుటయని వ్యాఖ్యాతలు వివరించినారు. ఈ విభాగము అర్థమూలకము. తెలుగున చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఆమ్రేడితమును ప్రధానముగా సంధికార్యదృష్టితో చూచినాడు. అచ్చునకు ఆమ్రేడితము పరమైనపుడు సంధి, విభక్తిలోపము, కడాదులకు ద్విరుక్త టకారము అను విషయములు అందు కలవు. రూపనిష్పత్తికి అవి చాలును. కాని కట్టకడ, మొట్టమొదట, పట్టపగలు అనువాటిలో పునరుక్తి లేశమైనను లేదు. కడకు కడ, మొదటికి మొదలు అను అతిశయమే కలదు. ‘అప్పుడప్పుడు’ అన్నచో అరుదుగా. ‘ఎప్పుడెప్పుడు’ అన్నచో ఆత్రముతో. ‘ఏటికేడు’ అన్నచో క్రమముగా హెచ్చుట లేక తగ్గుట. ‘ఏటేట’ అన్నచో తప్పక ప్రతి సంవత్సరము. ఒకే ఆమ్రేడితము, నాలుగు అర్థములు. రూపము నాశ్రయించిన వ్యాకరణము ఈ భేదమును చెప్పదు. నిఘంటువులు అంతకంటెను చెప్పవు. పద్యరూపమున నున్న అమరకోశము ముహుః, పునఃపునః, శశ్వత్, అభీక్ష్ణమ్, అసకృత్ అను వానిని ఒకే వరుసలో సమానార్థకములుగా కూర్చినది. కంఠస్థము చేయువానికి అది ఉపకారమే. ఆ వరుసపద్ధతినే మన ఆంగ్లాంధ్ర నిఘంటువులు కూడ అనుసరించి, ఒక ఆంగ్లపదమునకు ఎదుట నాలుగు తెలుగు మాటలను కామాలతో వేఱుచేసి ఉంచుచున్నవి. విద్యార్థి మొదటిదానిని తీసికొని పోవును.

తెలుగున అలసటను చెప్పు పని అవ్యయములు చేయవు, క్రియలు చేయును. ‘చెప్పి చెప్పి విసిగినాను’, ‘తిరిగి తిరిగి కాళ్ళరిగినవి’, ‘చూచి చూచి కన్నులు కాయలు కాచినవి’. క్త్వార్థకము ద్విరుక్తమైనచో పని చేసినవాడే అలసటను పొందును. దీనికి తోబుట్టువు ‘-గా’ రూపము. ‘చెప్పగా చెప్పగా విన్నాడు’. ఇచ్చట అలసట లేదు, ఫలము కలదు. పలుమారుల పని పోగుపడి తుదకొక మార్పును తెచ్చినది. వేమన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి ఈ ‘-గ’ ద్విరుక్తిపైననే నిలిచి యున్నది. అభ్యాసము వలన కలుగు సిద్ధిని చెప్పుటకు అంతకంటె తగిన రూపము భాషలో లేదు. మరి, కథలు చెప్పు అవ్వ మొదట ‘అనగా అనగా’ యని ఎందుకు ప్రారంభించును? ఆ కథను తాను మొదట చెప్పుట లేదనియు, ఎందఱో అనగా, అనగా, తనదాక వచ్చినదనియు ఆమె ముందే చెప్పుచున్నది. మనము నిత్యము వినుటచే ఆ మాట అర్థమును గమనింపము. పౌనఃపున్యమును, పరంపరను ఒక్క మాటలో ఇమిడ్చిన పలుకుబడి యది.

ఇప్పుడు కరువు వాక్యమునకు వత్తము. అనంతపురము జిల్లాలో సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు తీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి బలము తగ్గును. ‘ఈ పీఠభూమిని వానలు టైం అండ్ అగైన్ వంచించినవి’ అను భావముగల ఆంగ్లవాక్యమును తెలుగు చేయవలెననుకొందము. ‘ఈ ప్రాంతమున పదే పదే కరువులు వచ్చుచున్నవి’ అని అనువాదకుడు వ్రాయును. వ్యాకరణదోషము లేదు. కాని ఆ వాక్యమున కరువు విసిగించు చుట్టమువలె నున్నది, ఎడము పోయినది, లెక్క పోయినది. వినువానికి ఇది ఎప్పుడును ఉన్నదే యను భావము కలుగును. ఎప్పుడును ఉన్నదానిని ఎవరు లెక్కింతురు?

జనులు లెక్కించినారు. 1832-33 కరువు నందన సంవత్సరమున వచ్చినది కనుక నందన కరువు. 1876లో మొదలైనది ధాత సంవత్సరమున వచ్చినది కనుక ధాత కరువు. ఈ రెంటి నడుమ బళ్ళారి సీమకు 1854లోను, 1866లోను క్షామములు వచ్చినవి. తరువాత 1891-92, 1896-97 సంవత్సరములలో వచ్చినవి. ఈ తేదీల నడుమ ఎడములను చూడుడు: ఇరువదిరెండేండ్లు, పండ్రెండు, పది, పదునైదు, ఐదు. ఈ యెడములలో పిల్లలు పుట్టి పెరిగినారు, ఎద్దులను కొన్నారు, బావులు త్రవ్వినారు, వాన వచ్చునని గొర్రు కట్టినారు. కరువు మరల వచ్చినపుడు అది పాత కరువు కాదు, క్రొత్త కరువు. అందుకే దానికి క్రొత్త పేరు పెట్టినారు. ‘టైం అండ్ అగైన్’ అనుటలోని ‘టైం’ సరిగా ఇదే. 1904లో ప్రకటింపబడిన బళ్ళారి జిల్లా గెజెటీరులో ఫ్రాన్సిస్ కూడ క్షామములను ఏండ్లవారీగానే చెప్పుకొని పోయినాడు. పాలకుని గ్రంథమైనను ఈ విషయమున జనుల పద్ధతికే దగ్గరగా నున్నది.

‘పదే పదే’ కంటె ఎక్కువ హాని చేసిన మాట ‘నిత్యకరువు’. నిత్యకరువు ప్రాంతము, నిత్యక్షామపీడిత సీమ అని ఉపన్యాసములందును, నివేదికలందును వినుచున్నాము. నిత్యమన్నచో శాశ్వతమని చదువరి గ్రహించును. శాశ్వతమైన కరువునకు నివారణ ఎక్కడిది? ఇచ్చట పతంజలి మనకు తోడు వచ్చును. మహాభాష్యమున పస్పశాహ్నికమందు ఆయన నిత్యశబ్దమును చర్చించుచు, అది చలనము లేని వస్తువులను గూర్చి మాత్రమే వాడబడునను నియమము లేదనియు, ఆభీక్ష్ణ్యమునందును వాడబడుననియు చెప్పి, ఎప్పుడు చూచినను నవ్వుచుండువానిని, ఎప్పుడు చూచినను వదరుచుండువానిని ఉదాహరించినాడు. నవ్వువాడు నిదురయందును నవ్వడు గదా. మానుచు, మరల మొదలిడుచు నుండును. నిత్యకరువు అను సమాసమును నిలుపుకొనవలెనన్నచో ఈ అర్థముననే నిలుపుకొనవలెను: మానుచు, మరల మొదలిడు కరువు. మానిన కాలమున చేయవలసిన పని యేమి యను ప్రశ్నకు ఈ అర్థమొక్కటే తావిచ్చును. పూడిక తీయవలసిన చెరువునకును, కట్టవలసిన గట్టునకును ఆ యెడమే గదా కాలము.

అట్లైన ఆ ఆంగ్లవాక్యమునకు తెలుగేమి? మాటకు మాట వెదకుట మానినచో తెలుగే త్రోవ చూపును. తెలుగువాడు పలుమారులను గూర్చి అలసటతో చెప్పునపుడు సంఖ్యను ప్రశ్నించును, లేదా చిన్న సంఖ్యను కాదనును. ‘నీకు ఎన్నిమార్లు చెప్పినాను!’ అనునది జవాబు కోరు ప్రశ్న కాదు. ఆంగ్లేయుడు ‘టైం అండ్ అగైన్’ అని చెప్పుచోట మన తండ్రులు చెప్పు వాక్యమిది. ‘ఒకమారు కాదు, రెండుమార్లు కాదు’ అనునది రెండవ మార్గము. కావున ‘ఈ సీమలో వాన తప్పిన యేండ్లు ఒకటి రెండు కావు’ అనియో, ‘ఎన్నితూర్లు విత్తితిమి, ఎన్నితూర్లు వాన ముఖము చాటు చేసినది!’ అనియో వ్రాయవలెను. మొదటిది నివేదికకు తగును. రెండవది కథకును నాటకమునకును తగును. రెంటను లెక్క నిలిచినది, ఎడము నిలిచినది, గొంతు నిలిచినది. క్రియావిశేషణము పోయి క్రియ వచ్చినదని చింతింప బని లేదు. తెలుగు వాక్యము బరువును క్రియపై మోపుట కలవాటు పడినది.

భాష మారుచుండును, ‘పదే పదే’ అర్థవ్యాప్తి నొందినది, ఆపుటకు మీరెవరు అని అడుగువారుందురు. ఆపలేము, ఆపవలెనని మా కోరికయు కాదు. పీడనమున్న తావుల ఆ మాటకు సాటి లేదు. తనకు సరిపడని తావులను అది ఆక్రమించుచుండగా మాటిమాటికి, మరల మరల, సారెకు, ఎన్నిమార్లో అనునవి పాఠ్యపుస్తకములనుండి తొలగిపోవుచున్నవి. తొలగిపోవుట వాడుకవలన జరిగినచో మాట లేదు. అనువాద పరీక్షలలో ‘పదే పదే’కు మార్కులిచ్చి, ‘ఒకటి రెండు కావు’ అని వ్రాసిన విద్యార్థికి మూలమును విడిచినాడని మార్కులు తగ్గించుటవలన జరుగుచున్నది. రాయదుర్గము, కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములనుండి వచ్చు విద్యార్థి ‘ఎన్నితూర్లు’ అని వ్రాసినచో దానిని మాండలికమని ఎఱ్ఱ సిరాతో కొట్టివేయుటయు కలదు. ఆ రెండు పద్ధతులను మొదట మానవలసి యున్నది.